గులాబీ తోటలో నీటి కొమ్మ

మణికుంట రాజ్యాన్ని ఏలే చిత్రాంగదుడికి ఏడాదికో వెర్రి. అంతకు ముందేడు అద్దాలు, నిరుడు పావురాలు, ఈసారి గులాబీలు.

వానలు వెనుకబట్టి, ఆశ్వయుజ మాసం అడుగుపెట్టిన రోజున ఆయన నిండు సభలో ప్రకటించాడు.

"కార్తీక పౌర్ణమికి పొరుగు రాజుగారు మనకు అతిథిగా వస్తున్నారు. ఆ రోజుకు నా తోటలో గులాబీలు విరగబూయాలి. ఆకు కంటికి కనపడకూడదు!"

"చిత్తం ప్రభూ" అన్నాడు ఉద్యానాధికారి పుష్పాకరుడు.

పన్నెండేళ్లుగా ఆ పదవిలో ఉన్నా ఆయన గోటికి మట్టి అంటింది లేదు. తోటలోకి వెళ్తే గొడుగు పట్టడానికొకడు, ఆజ్ఞలు రాసుకోవడానికొకడు, పద్యం చదివితే 'ఆహా' అనడానికొకడు వెంట ఉండాలి. గునపం పట్టడానికి మాత్రం తోట మొత్తానికి ఒక్కతే మనిషి, సుంకులమ్మ.

సుంకులమ్మకు యాభై దాటాయి. అత్తగారి దగ్గర కత్తెర పట్టడం నేర్చి, ముప్పై ఏళ్లుగా ఆ తోటనే నమ్ముకుని బతుకుతోంది. నిరుడు రాణిగారు చామంతులు చూసి "సుంకులమ్మ చెయ్యి చలవ" అన్నారు. ఆ మాట పుష్పాకరుడికి ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు రాజుగారు తోట చూడబోయి గుమ్మంలోనే నిలబడిపోయాడు. సగం తోటలో గులాబీ మొక్కలు మోకాలెత్తు మోళ్లయి ఉన్నాయి.

"నా తోటకు గుండు కొట్టిందెవరు?"

"నేనే ప్రభూ" అంది సుంకులమ్మ, కత్తెర పక్కన పెట్టి. "వానల్లో పిచ్చిగా పెరిగిన కొమ్మలివి. ఇప్పుడు కోస్తేనే కొత్త చిగురు వేస్తాయి, పౌర్ణమికి మొగ్గ విచ్చుతుంది."

"హత్య ప్రభూ, పట్టపగలు హత్య!" అని గుండెలు బాదుకున్నాడు పుష్పాకరుడు. "మొక్కలంటే కన్నబిడ్డలు. బిడ్డ చేతులు నరికి ఎదగమంటారా ఎవరైనా? ఈమెను పొలిమేర దాటించండి."

రాజుకు ఎటూ తేలలేదు. చివరికి ఇలా తీర్పు చెప్పాడు.

"కోసిన సగం ఆమెది, కోయని సగం నీది. పౌర్ణమినాడు ఎవరి వైపు పూలు లేకపోతే వాళ్లే పొలిమేర దాటాలి."

 ఆ తోట తప్ప సుంకులమ్మకు వేరే ఊరు లేదు, వేరే పనీ రాదు. వెంటనే పనిలో పడింది. కోసిన చోటల్లా పేడ మెత్తింది. పాదులు తవ్వి వేళ్లకు నాలుగు రోజులు ఎండ తగలనిచ్చి, మాగిన ఎరువు వేసి మట్టి కప్పింది. మట్టిని వేలితో తాకి చూసి, ఆరితేనే నీళ్లు పోసింది.

పుష్పాకరుడు పూటకు పది కుండల పాలు పోయించాడు. ఊళ్లో పిల్లులన్నీ అక్కడే కాపురం పెట్టాయి. మొక్కల చుట్టూ చీమలు పుట్టలు కట్టాయి. ఆయన మాత్రం గొడుగు నీడన నిలబడి రోజూ నూట ఎనిమిది పద్యాలు చదివాడు. కొమ్మలు చూస్తే నిలువెత్తు పెరిగాయి. ఆయన మీసం మెలేశాడు.

పౌర్ణమి రానే వచ్చింది. అతిథి సాయంత్రానికి వస్తాడనగా, పొద్దున్నే రాజు పరివారంతో తోటకు వెళ్లాడు. సుంకులమ్మ వైపు ఎర్ర తివాచీ పరిచినట్టుంది. పుష్పాకరుడి వైపు వెతికినా మొగ్గ లేదు.

పుష్పాకరుడు తొణకలేదు. "ప్రభూ, ఆ పూలు నా పద్యాల ఫలమే. నేనిక్కడ చదివాను, గాలి అటు వీచింది."

"అవును, ఈ నెలంతా గాలి అటే వీచింది" అన్నాడు రాజు ఆలోచనలో పడి. "సుంకులమ్మా, ఏమంటావు?"

చేసిన కష్టమంతా గాలిపాలయ్యేలా ఉంది. ఆమె చేతులు జోడించింది.

"అయ్యగారు చదువుకున్నవారు, నేను కాదంటానా? నాకో చిన్న సందేహం. అయ్యగారే తీర్చాలి."

పుష్పాకరుడి వైపు మిగతా కొమ్మల్ని మించి, తళతళలాడుతూ నిటారుగా నిలబడ్డ కొమ్మను చూపించింది.

"ఇది ఎలాంటి కొమ్మ దొరా?"

"చూస్తే తెలియడం లేదూ? కొమ్మలన్నిట్లో ఉత్తమమైనది. అన్నిటికంటే పైనుంటుంది."

"ఆహా!" అన్నాడు వెనకున్నవాడు.

"నీళ్లు కూడా ఎక్కువే తాగుతుందేమో?"

"గొప్పవాటికి ఖర్చెక్కువ ఉండదా మరి!"

"మరి పూయదేం దొరా?"

పుష్పాకరుడు జాలిగా నవ్వాడు. "పూయడం కింది కొమ్మల పనే! ఇది పైనుండి వాటిని పర్యవేక్షిస్తుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, ఈ కొమ్మ అచ్చం నాలాంటిది."

సుంకులమ్మ రాజు వైపు తిరిగింది.

"దీన్ని మేం నీటి కొమ్మ అంటాం ప్రభూ. వేరు తెచ్చిన సత్తువంతా తాగేసి ఒక్క పువ్వూ పూయదు. అచ్చం తనలాంటిదేనని అయ్యగారే సెలవిచ్చారు. ఎక్కడ కోయాలో తమరికి నేను చెప్పాలా?"

రాజు కొమ్మను చూశాడు. పుష్పాకరుణ్ణి చూశాడు. మళ్లీ కొమ్మను చూశాడు. అంతే, పొట్ట పట్టుకుని నవ్వు మొదలుపెట్టాడు. రాణిగారు కొంగు అడ్డం పెట్టుకున్నారు, భటులు ఈటెలకు ఆనుకుని నవ్వారు. ఆ సందడిలో పుష్పాకరుడు, ఎవరూ పొమ్మనకముందే, పొలిమేర దారి పట్టాడు.

"నేటి నుంచి ఉద్యానాధికారివి నువ్వే!" అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ.

"వద్దు ప్రభూ. అంత ఎత్తున కూర్చోబెడితే నేనూ పూయడం మానేస్తాను. ఆ పదవిని మొదలంటా కోసేసి, గునపం పట్టే మనుషుల్ని నలుగుర్ని ఇప్పించండి."

రాజు మళ్లీ పగలబడి నవ్వి, నలుగురు కాదు, ఎనిమిది మందిని ఇప్పించాడు. తన చేతి కడియం తీసి స్వయంగా ఆమెకు తొడిగాడు.