చూరు నీళ్ళు పడ్డంత మేర

చాప మీద సుద్దముక్కతో ఈ గీత గీసిందెవరు? పండూ, నువ్వేనా? ఇటు నీది, అటు లల్లిది. మరి నేనెక్కడ పడుకోను, గీత మీదా? సరే, గీత మీదే పడుకుంటాను, జరగండి. ఊ కొట్టని వాళ్ళకి నా వీపే కనిపిస్తుంది, ముందే చెబుతున్నా.

అనగా అనగా, మీ ఇద్దరిలాంటి వాళ్ళే ఇద్దరున్న ఊళ్ళో, పక్కపక్కన రెండు తాటాకిళ్ళు. ఒకటి పైడయ్యది, ఒకటి సూరప్పది. మధ్యలో మూడు మూరల సందు. ఆ ఊళ్ళో హద్దు రాళ్ళూ లేవు, కాగితాలూ లేవు. ఇంటి చూరు నుంచి వాన నీళ్ళు ఎక్కడ పడితే అంతవరకూ ఆ ఇంటి వాళ్ళది. వానే వాళ్ళకి కరణం.

సూరప్పకి ముసలి తల్లి ఉంది, గౌరమ్మ. నడవలేదు. కళ్ళూ సరిగ్గా ఆనవు. సందు వైపు అరుగు మీద చాప వేస్తే పొద్దున్నే ఎండ వచ్చి అరచేతిలో పడేది. అరచెయ్యి వెచ్చబడితే ఆవిడకి తెల్లారినట్టు. అప్పుడే గంజి అడిగేది. ఇంకో మాట, ఇది మర్చిపోకండి. పైడయ్య తల్లి పురిట్లోనే పోతే, ఈ గౌరమ్మే తన పిల్లాడికో పక్క, వాడికో పక్క పాలిచ్చి పెంచింది.

ఒక వైశాఖంలో పైడయ్య ఇంటికి కొత్త తాటాకు నేయిస్తూ, చూరు ఒక్క జానెడు పొడుగుంచమన్నాడు. గోడ తడవకుండా, పాపం. వాన వచ్చింది. నీళ్ళు జానెడు అవతల పడ్డాయి. పైడయ్య నీళ్ళు పడ్డచోట ఒక పుల్ల పాతాడు. సూరప్ప పుల్లని చూశాడు. మరుసటేడు తన చూరు రెండు జానలు పొడుగుంచాడు. వీడు జానెడంటే వాడు రెండు, వాడు రెండంటే వీడు మూడు.

చూరు పెరిగితే సందు చీకటైంది. సందు చీకటైతే నేల ఆరలేదు. నేల ఆరకపోతే గోడ చెమ్మెక్కింది. గోడ చెమ్మెక్కితే చాప తడిసింది. చాప తడిస్తే ముసలమ్మ దగ్గింది. ముసలమ్మ దగ్గితే ఎవరికి వినపడింది? లల్లీ, ఊ కొడుతున్నావా, లేక ముక్కుతో కొడుతున్నావా?

చివరికి పైడయ్య చూరు వెళ్ళి సూరప్ప చూరు కిందికి దూరింది. ఇక చూడండి ఆ వింత. సూరప్ప చూరు నీళ్ళు పైడయ్య కప్పు మీద పడి, అక్కణ్ణుంచి జారి, తిరిగొచ్చి సూరప్ప వాళ్ళమ్మ కాళ్ళ మీదే పడేవి.

లోపల పడుకోబెట్టొచ్చుగా అంటావా? సూరప్ప భార్య అదే అడిగింది. చాప తీస్తే అరుగు వదులుకున్నట్టే అన్నాడు సూరప్ప. చూరు కోసుకోవచ్చుగా అని పైడయ్యని ఊరివాళ్ళడిగారు. కోస్తే ఓడిపోయినట్టే అన్నాడు పైడయ్య. మధ్యలో ముసలమ్మ ఒక పాతిన పుల్లలా ఉండిపోయింది. శ్రావణమంతా ముసురు. ఆ దగ్గు రెండిళ్ళలోనూ వినిపించేది. రెండిళ్ళలోనూ అన్నం కలుపుతున్న చేతులు ఆగేవి. మళ్ళీ కలిపేవి.

పైడయ్య కోడలు నూకాలు. కొత్త కాపురం. ఒకరోజు వాన కురుస్తుండగానే చూరు కింద వంగి వెళ్ళి, ముసలమ్మని వీపున వేసుకొచ్చి మామగారి మంచం మీద పడుకోబెట్టింది.

ఎవరు తెమ్మన్నారే అన్నాడు పైడయ్య.

"మీరే మావయ్యా. నీళ్ళు పడ్డంత మేర మనదేనన్నారుగా. మామ్మ మోకాళ్ళ దాకా పడుతున్నాయి. మోకాళ్ళు మాత్రం తెచ్చి మిగతాది అక్కడ వదిలెయ్యడం నాకు చేతకాలేదు. మనది కాదంటే చెప్పండి, మామ్మనీ అరుగునీ కలిపి ఇచ్చేసి వస్తాను."

 సూరప్ప గుమ్మం దాకా వచ్చి మా అమ్మని మాకిమ్మన్నాడు. ఇస్తాం బాబాయ్, ఈసారి లోపల పడుకోబెడతావా మరి, అంది నూకాలు. సూరప్ప వానలోనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

నవ్వకండి. ఆ రాత్రి ముసలమ్మకి జ్వరం ముంచుకొచ్చింది. కదిపితే ప్రాణం నిలవదన్నాడు వైద్యుడు. సందు వైపు కిటికీ పక్కన మంచం. మూడోనాటికి వాన వెలిసింది, వీధిలో ఎండ కూడా కాసింది. సందులో మాత్రం చీకటే. నూకాలు గంజి తెస్తే ముసలమ్మ అరచెయ్యి చాపి చూసుకునేది. ఇంకా తెల్లారలేదు కదమ్మా, అప్పుడే ఎందుకు, అనేది. తెల్లారింది మామ్మా అంటే నమ్మదు. పైడయ్య చెప్పాడు, నమ్మలేదు. సూరప్ప కిటికీ బయట నుంచి చెప్పాడు. ఇంత పొడుగు రాత్రి ఎప్పుడూ చూడలేదురా అందిట. రెండ్రోజులు గొంతులో చుక్క దిగలేదు. పెదాలు ఎండిపోయాయి.

చచ్చిపోయిందా అనా? ఉండు పండూ, నా చెయ్యి వదులు. చెబుతున్నాగా.

పైడయ్య లేచాడు. కత్తి తీసుకుని నిచ్చెనెక్కాడు. నరుకుడు చప్పుడు విని, నా కప్పే నరుకుతున్నాడని సూరప్ప కొడవలి పట్టుకు పరిగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే పైడయ్య తన చూరే తనే కోసుకుంటున్నాడు, ఏడుస్తూ. సూరప్ప ఇవతల నిచ్చెన వేసి తన చూరు తను కోశాడు.  తాటాకులు పడుతూనే ఉన్నాయి. కొలత చూసుకునే తీరిక ఎవరికీ లేదు. కిటికీలోంచి ఎండ వచ్చి మంచం మీద పాకి, ఆ అరచేతిలో పడింది.

"తెల్లారిందే అమ్మాయ్. గంజి ఏదీ?" అంది ముసలమ్మ.

తొందరలో ఇద్దరూ పాత కొలతకన్నా లోపలికే కోసేశారు. ఏ చూరు నీళ్ళూ పడని పట్టీ ఒకటి సందు మధ్యలో మిగిలింది. ఊరి లెక్కన అది ఎవరిదీ కాదు. ఎండ కాసిన రోజల్లా ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ముసలమ్మ చాప అక్కడే వేసేవాళ్ళు. మాఘంలో ఆవిడ పోయింది. అందరూ పోతారు, దానికి దిగులెందుకు. పాడె కూడా వాళ్ళిద్దరే ముందు మోశారు. ఆ తర్వాత ఎన్ని వైశాఖాలొచ్చినా, ఎన్నిసార్లు ఇళ్ళు నేయించినా, ఆ పట్టీ మీదికి ఎవరూ చూరు దించలేదు. అదెవరిదని అడిగితే, గౌరమ్మది అనేవాళ్ళు ఇద్దరూ.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం. ఇంతకీ నేను పడుకున్న ఈ జానెడు ఎవరిదర్రా?

ఏం, ఆ గీత చెరుపుతున్నారా? చెరపండి, చెరపండి. సుద్ద నా చీరకంటకుండా చూడండి.