తాబేలుకి అందిన గంట తాడు

అనగనగా కనకగిరిని ఏలే ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు, కోట గుమ్మానికి ఒక గంట. కొడుకుల సంగతి సరే, ముందు గంట సంగతి వినండి. దాని తాడు నేల దాకా వేలాడేది. మనిషైనా, మేకైనా, అన్యాయం జరిగిందని ఆ తాడు లాగితే రాజు అన్నం ముందు నుంచైనా లేచి రావాల్సిందే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఫిర్యాదు తేలేదాకా గంట కొట్టినవాడి మీద గానీ, కొట్టించినవాడి మీద గానీ ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. మంచి కట్టుబాటే. కాకపోతే ఒక మాయగాడి కన్ను దాని మీద పడింది.

వాడి పేరు వక్రదంతుడు. ఏడు సముద్రాల అవతల ఉంటాడు. వేటకెళ్ళిన పెద్ద రాజకుమారుణ్ణి రాయి చేశాడు. అన్నను వెతకబోయిన రెండోవాణ్ణీ రాయి చేశాడు. రాజు సైన్యాన్ని కదిలించేలోపే వాడి చిలక ఎగిరొచ్చి గంట కొట్టింది.

"మా దొరకి అన్యాయం జరిగింది. రాజు కొడుకులు మా తోట తొక్కారు."

రాజు విచారించి, ఫిర్యాదు కొట్టేశాడు. చిలక మళ్ళీ గంట కొట్టింది. మళ్ళీ కొట్టేశాడు. మూడోసారీ అంతే. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశారు. ఒకటి తేలితే ఇంకోటి, మాట మాత్రం అదే. ఫిర్యాదు ఉన్నంతకాలం మాంత్రికుణ్ణి ముట్టుకోకూడదాయె. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే.

మంత్రికి విసుగొచ్చింది. "తాడు కోయించండి మహారాజా, పీడా వదిలిపోతుంది" అన్నాడు.

మూడో కొడుకు ఉదయసేనుడు వెళ్ళి తాడు పట్టుకున్నాడు. "కొయ్యాలంటే ముందు నా చెయ్యి కొయ్యండి. చిలక మీద కోపంతో తాడు కోస్తే, నిజంగా ఏడ్చేవాడు రేపు దేన్ని లాగాలి?"

అప్పుడు కాళ్ళ దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే తాబేలు.

"నాయనా, ఏటి ఒడ్డున ఇసుకలో గుడ్లు పెట్టుకున్నాను. మంత్రిగారి కొత్త మేడకని ఆ ఇసుక తవ్వుకుపోతున్నారు. తాడు దాకా వస్తాను, చిలక నెట్టేస్తుంది. నా మొర ఎవరు వింటారు?"

తాడు కొయ్యాలని మంత్రికి ఎందుకంత తొందరో ఉదయసేనుడికి తెలిసిపోయింది. ఏటికి వెళ్ళి గుడ్ల పక్కన తన కత్తి పాతాడు. "నేనొచ్చేదాకా ఈ కత్తి దాటి గరిటెడు ఇసుక తియ్యడానికి వీల్లేదు" అన్నాడు. ఆ మాటకి తాబేలు కరిగిపోయింది. అన్నల కోసం బయలుదేరిన అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

అక్కడ మాంత్రికుడి చెరలో చారుమతి అనే రాజకుమార్తె ఉంది. ఉదయసేనుడు తన గోడంతా చెప్పాడు.

"వాడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది" అంది చారుమతి.

"ఉండి ఏం లాభం? మా కట్టుబాటే దాన్ని కాపాడుతోంది."

"మా నాన్నగారి కోటలోనూ ఇలాంటి గంటే ఉంది, దానికి ఒక పద్ధతుంది. మూడుసార్లు ఓడినవాడు తాడు ముట్టే ముందు గుమ్మంలో ఆగాలి. ఇదివరకు చెప్పని మాట ఒక్కటైనా చెప్పాలి. చెబితే తాడు ఇస్తారు, లేకపోతే ఇంటికి పంపిస్తారు."

మాంత్రికుడు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఇద్దరూ తాబేలెక్కి వచ్చేశారు. రాజు ఆ పద్ధతికి ఒప్పుకుని చారుమతినే గుమ్మంలో కూర్చోబెట్టాడు.

మంత్రి మొహం వెలిగింది. "ఇంకేం, అందరినీ గుమ్మంలోనే ఆపేద్దాం."

"మూడుసార్లు ఓడినవాళ్ళనే" అంది చారుమతి. "వాళ్ళనైనా అడక్కుండా పంపను. వినకుండా పొమ్మంటే ఆ మాంత్రికుడికీ మనకీ తేడా ఏముంది?"

తెల్లవారగానే చిలక వచ్చింది.

"కొత్త మాటేమైనా ఉందా?"

"మా దొరకి అన్యాయం జరిగింది."

"అది విన్నాం. ఇంకేమైనా?"

"మా తోట తొక్కారు."

"అదీ విన్నాం. ఇంకేమైనా?"

చిలకకి నేర్పింది ఆ రెండు మాటలే. మళ్ళీ మొదటి మాటే అంది. "అనుమతి లేదు" అంది చారుమతి. ఫిర్యాదు లేదు కాబట్టి రక్షా లేదు. ఉదయసేనుడు చటుక్కున చిలకను పట్టుకున్నాడు.

ఏడు సముద్రాల అవతల మాంత్రికుడికి గొంతు బిగిసింది. గాలిలో పడుతూ లేస్తూ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. "నా మనవి వినండి" అని చేతులు జోడించాడు.

"వింటాను" అంది చారుమతి. "ఇద్దరు మనుషుల్ని రాళ్ళు చేశానని ఇంతవరకూ నువ్వు చెప్పలేదు. అది చెప్పు, తాడు నీ చేతికే ఇస్తాను. చెబితే, నీ ఫిర్యాదు తేలేదాకా ఆ చిలకకి ఏమీ కాదు."

మాంత్రికుడు నోరు తెరిచాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చినట్టే ఉంది. కానీ అలవాటు ఊరికే పోతుందా? "నాకు అన్యాయం జరిగింది" అన్నాడు.

ఉదయసేనుడు చిలక మెడ విరిచాడు. మాంత్రికుడు అక్కడికక్కడే బూడిదయ్యాడు. అవతల రాళ్ళు మనుషులై, అన్నలిద్దరూ పడవెక్కి ఇంటికొచ్చారు. చారుమతికీ ఉదయసేనుడికీ ఘనంగా పెళ్ళయింది. వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు.

అన్నట్టు, మాంత్రికుడు బూడిదైన రోజు మంత్రి హడావిడిగా వచ్చి, "ఇక తలుపులు మూసెయ్యండి, ఎవరూ లేరు" అన్నాడు. అతని కాళ్ళ మధ్య నుంచి తాబేలు మెల్లగా నడిచి వెళ్ళింది. చారుమతి దాన్ని ఏమీ అడగలేదు. అది ఇంకా ఒక్కసారైనా ఓడలేదు కదా. తాబేలు తాడు నోట కరిచి లాగింది. భోజనానికి కూర్చున్న రాజు కంచం ముందు నుంచి లేచి వచ్చాడు.

కథ కంచికి వెళ్ళింది. తాడు మాత్రం నేల దాకానే ఉంది.