బుర్రావారు ఊరు మారారు

బుర్రా తవిటయ్యకు తన ఇంటిపేరంటే పంచప్రాణాలు. గంటివలసలో ఎన్ని ఇంటిపేర్లున్నా, బుర్రను పేరులోనే పెట్టుకుని పుట్టింది తామొక్కరేనని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేవాడు. మిగతావాళ్ళు బుర్ర వాడాలంటే కష్టపడి ఆలోచించాలి, తమకు సంతకం పెడితే చాలు అనేది ఆయన లెక్క. భార్య పైడమ్మ, తమ్ముడు సన్యాసి, సన్యాసి పెళ్ళాం, వాళ్ళ పిల్లల దండు, అందరూ ఆ మాటకు తలలూపేవారు. తలలూపడంలో ఆ కుటుంబాన్ని మించినవాళ్ళు జిల్లాలోనే లేరు.

ఊపనిది ఒక్క నూకాలు, తవిటయ్య ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకు ఊపే తీరికేదీ? రోజంతా దగ్గుతోనే సరిపోయేది. ఇంటి వెనకే బియ్యం మిల్లు, ఆ మిల్లు ఊదే ఊకదుమ్మంతా వీళ్ళ పెరట్లోకే. పిల్ల దగ్గు వింటే తవిటయ్య కంచం ముందు నుంచి లేచిపోయేవాడు, ముద్ద దిగేది కాదు. చివరికి డాక్టరు చూసి, ఈ దుమ్ములో ఇంకో చలికాలం పిల్ల తట్టుకోలేదన్నాడు. దక్షిణం వైపు సంసారపక్షంగా ఉండే ఊరేదైనా చూసుకుని వెంటనే మకాం మార్చెయ్యమన్నాడు.

ఇంకేముంది, సామాన్లు బండికెక్కాయి, మనుషులూ ఎక్కారు. ఎటు తోలాలో తెలియదన్న సంగతి అందరూ ఎక్కాక గుర్తొచ్చింది. దక్షిణం ఎటో అడుగుదామని తవిటయ్య పంతులుగారింటికి పరిగెత్తాడు. ఆ పరుగులో చివరి సున్నా ఎక్కడో జారిపోయి, "పంతులుగారండీ, దక్షిణ ఎటండీ?" అన్నాడు. ఏ వ్రతం తాలూకు బాకీయో ఇన్నాళ్ళకు వచ్చిందనుకుని పంతులుగారు మురిసిపోయి, ఇటు నాయనా అని చెయ్యి చాపారు. ఆ చెయ్యి ఎటు చూపిస్తోందో తవిటయ్య కళ్ళు చికిలించి చూసుకుని, దండం పెట్టి వచ్చేశాడు. పంతులుగారి చెయ్యి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఆ చెయ్యి చూపించింది సరిగ్గా మిల్లు వైపు. పక్క నుంచి చుట్టూ తిరిగి పోదామని సన్యాసి అంటే, పక్కకు తిరిగితే దక్షిణం తప్పిపోతుందని తవిటయ్య మందలించాడు. అంతే, బండి మిల్లు వాకిట్లోంచి ఊకగుట్ట ఎక్కి అవతలికి దిగింది. ఏ దుమ్ము నుంచి పిల్లను కాపాడాలని బయలుదేరారో, ఆ దుమ్ములో పిల్లను నిలువునా ముంచి తీశారు. అదృష్టం బాగుండి అవతలి రోడ్డు నిజంగానే దక్షిణానికి పోయేది. ఆ ఘనత కూడా తవిటయ్య తన ఖాతాలోనే వేసుకున్నాడు.

మొదట తగిలిన ఊరు పాలమెట్ట. ఊరి మొదట్లో టీకొట్టు చూసి బండి ఆపారు. ఈ ఊళ్ళో పిల్లల్ని ఎలా చూస్తారని తవిటయ్య అడిగాడు. ఎంత తెలివైన ప్రశ్న వేశానో చూశారా అన్నట్టు వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూశాడు కూడా. కొట్టతను మంచివాడు. "మా ఊరోళ్ళు పిల్లల్ని కడుపులో పెట్టుకు సూసుకుంటారండి" అన్నాడు.

తవిటయ్య కళ్ళు మెల్లగా కొట్టతని పొట్ట మీదికి దిగాయి. మంచి నిండైన పొట్ట. తమరికి ఎంతమందని అడిగాడు. ఇద్దరండి అని కొట్టతను పొట్ట నిమురుకున్నాడు. ఇంకేముంది, టీ గ్లాసులు ఎక్కడివక్కడే. పైడమ్మ నూకాలును గోనెసంచిలో దాచింది, సన్యాసి పెళ్ళాం తన దండు మీద దుప్పటి కప్పింది. పాపం కొట్టతను, డబ్బులివ్వకుండా పోతున్నారేమిటని వెనకాల పరిగెత్తుకొచ్చాడు. ఆకలితో తరుముతున్నాడనుకుని వీళ్ళు ఎద్దుల తోకలు మెలిపెట్టారు. గోనెసంచిలో పిల్ల దగ్గి దగ్గి సొమ్మసిల్లింది. పెద్ద గండం నుంచి తప్పించానని తవిటయ్య మాత్రం మీసం సవరించుకున్నాడు.

తర్వాతది నీలాలపేట. చక్కని ఊరు, నీడగల వీధులు, దగ్గర్లోనే బడి. అక్కడి సత్రంలో దిగాక నూకాలు పడుకుంటే తెల్లారిందాకా దగ్గు లేదు. తవిటయ్య పిల్ల పక్కనే కూర్చుని ఆ ఊపిరి వింటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఇక్కడే ఉండిపోదామని నిర్ణయించేసుకున్నాడు కూడా. అక్కడితో ఊరుకుంటే కథే లేదు. అన్నీ ముందే కనుక్కోవడం బుర్రావారి పద్ధతి కదా, పోయి సత్రం గుమాస్తాను కదిలించాడు. ఇది సంసారుల ఊరు, పిల్లాపాపలతో నిశ్చింతగా ఉండచ్చని గుమాస్తా అన్నాడు. తవిటయ్యకు తమ్ముడి పేరు గుర్తొచ్చింది. నిజాయితీపరుడు కాబట్టి, మా తమ్ముడు సన్యాసండి, ఫరవాలేదా అని అడిగేశాడు. గుమాస్తా జాలిపడ్డాడు. సన్యాసులు ఈ ఊళ్ళో ఇమడలేరని, కొండ మీద మఠం ఉంది, ఆయనను అక్కడ చేర్పించమని సలహా ఇచ్చాడు.

అంతే, సత్రం ఏడుపులతో మార్మోగిపోయింది. సన్యాసి తన పిల్లలను ఒక్కొక్కరినే కౌగిలించుకుని వీడ్కోలు చెప్పాడు. ఆయన పెళ్ళాం కొంగు బిగించి ముందుకొచ్చింది. "సన్యాసివని పెళ్ళికి ముందే సెప్పుంటే నాను సేసుకుందునేటి? ఇంతమంది పిల్లలయ్యాక సెప్తావా?" అని నిలదీసింది. పెళ్ళిపత్రికలో వేశారు కదా అని సన్యాసి గొణిగాడు. నూకాలు తండ్రి చెయ్యి పట్టుకుని, ఇక్కడ నాకు దగ్గు రావట్లేదు నాయనా అంది. తవిటయ్య నిజంగానే నలిగిపోయాడు. ఒక పక్క కూతురు, ఒక పక్క తోడబుట్టినవాడు. పేరు మార్చి చెబితే సరిపోతుందన్న ఊహ ఆ తలల్లో ఒక్కదానికీ తట్టలేదు. బండి మళ్ళీ కట్టారు, దగ్గు కూడా మళ్ళీ బండెక్కింది.

మూడోది మొగలితోట. అక్కడ వర్ధనమ్మగారనే పెద్దావిడ తన ఇంటి పక్క వాటా అద్దెకిస్తానంది. ఈసారి తవిటయ్య జాగ్రత్తపడ్డాడు. తమ్ముడి పేరేమిటని ఆవిడ అడిగితే, వాడికి పేరు లేదండి అన్నాడు. ఆవిడ నొచ్చుకుని మరి అడగలేదు. వాటా బాగుంది. అన్ని వైపులా పెద్ద కిటికీలు, సముద్రం మీది నుంచి వచ్చే గాలి. నూకాలు దగ్గు మరిచిపోయింది. బుగ్గలొచ్చాయి, వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. వర్ధనమ్మగారు పిల్లను చూసి మురిసిపోయి, "ఈ ఊరి గాలి మీ అమ్మాయికి బాగా పడిందయ్యా. ఇలాంటి గాలి మళ్ళీ దొరకదు, పోగొట్టుకోకండి" అంది.

తవిటయ్య ఇంట్లోకి వచ్చి చూస్తే ఏముంది? గాలి ఈ కిటికీలోంచి రావడం, ఆ కిటికీలోంచి పోవడం. వచ్చింది వచ్చినట్టే పోతోంది, అడిగే నాథుడు లేడు. ఇన్నాళ్ళుగా పిల్ల ప్రాణాన్ని ఇలా వీధిపాలు చేస్తున్నామా అని ఆయన గుండె చెరువైంది. అంతే, కిటికీలన్నీ బిగించారు. సందుల్లో పాత చీరలు కుక్కారు, వాటి మీద బంకమట్టి మెత్తారు. తలుపు సందు కూడా వదల్లేదు. ఇంత గాలి ఏడాదికి సరిపోతుందని పైడమ్మ సంబరపడి, కట్టెల పొయ్యి ముట్టించి పండగలాగా పాయసం పెట్టింది.

పాయసం ఉడికే లోపు ఇంటిల్లిపాదీ దగ్గడం మొదలుపెట్టారు. ఇంతకాలం నూకాలు ఒక్కతే చేసిన పని ఇప్పుడు అందరికీ వచ్చింది. ఆ పిల్ల మాత్రం తలుపు మట్టి పగలగొట్టుకుని బయటపడి, వర్ధనమ్మగారి అరుగు మీద కూర్చుంది. ఇంట్లో అంత గాలి నిలవ పెట్టుకుని పరాయివాళ్ళది పీలుస్తావా అని తవిటయ్య గుమ్మంలోంచి కోప్పడ్డాడు. లోపల పొగ ఉంది నాయనా అని పిల్ల చెప్పింది. చిన్నపిల్ల మాటకేం గానీ, తవిటయ్యకు అసలు విషయం అర్థమైంది. మనుషులు ఎక్కువ, పీల్చడం ఎక్కువ, నిలవ అయిపోయింది. బిందె పట్టుకుని పెరటి దారిన వర్ధనమ్మగారి వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్ళాడు.

"మా గాలి అయిపోనాదండి" అన్నాడు దీనంగా.

ఆవిడ పిండి కలుపుతోంది, తల కూడా ఎత్తలేదు. "గాలి కావాలంటే కిటికీ తీసుకోండి నాయనా, ఎవరొద్దన్నారు?" అంది.

తవిటయ్యకు కళ్ళనీళ్ళు తిరిగాయి. బిందెడు గాలి అడిగితే కిటికీకి కిటికీయే ఇచ్చే మనుషులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు? ఇంకేముంది, గునపం తెచ్చాడు, సన్యాసి చెయ్యి వేశాడు. చప్పుడుకు వర్ధనమ్మగారు పిండి చేతులతో పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ ఇంటి వీధి వైపు గోడలో ఇంత కంత మిగిలింది. ఆ కంతలో నూకాలు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. సముద్రపు గాలికి జుట్టు ఎగురుతోంది.

పక్క వాటాలో, పొగలో, కిటికీని చట్రంతో సహా లోపలి గోడకు ఆనించి, రెక్కలు రెండూ బార్లా తెరిచారు. దాని ముందు అందరూ వరసగా కూర్చున్నారు. ఎంతసేపు చూసినా గాలి రాలేదు. పైడమ్మ దగ్గుతూ మొగుడి వైపు అనుమానంగా చూసింది.

"కంగారు పడకే" అన్నాడు తవిటయ్య, కళ్ళు నులుముకుంటూ. "కొత్త సోటు గదా, గాలికి ఇంకా దారి తెల్నేదు."