మెట్లెక్కని తనిఖీ

దాలినాయుడికి ధ్యానం కుదరడం లేదు. కళ్ళు మూసుకుంటే చాలు, ఒక మేడ కనిపిస్తోంది. దాని పచ్చ గేటు కనిపిస్తోంది.

ఆయన పురపాలక ఆఫీసులో భవనాల తనిఖీ అధికారిగా ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. తర్వాత కూర్మయ్య గారి మఠంలో చేరాడు. మఠమంటే పెద్దదేమీ కాదు, ఊరి చివర ఒక పెంకుటిల్లు. గురువుగారు పొద్దంతా అరుగు మీద కూర్చుని అడ్డాకులతో విస్తళ్ళు కుట్టేవారు. ఎవరొచ్చినా కుడుతూనే మాట్లాడేవారు.

ఏదో ఒక సేవ చెయ్యమంటే నాయుడు తనకు చేతనైనదే ఎంచుకున్నాడు. సర్కారు కాగితాలు కావలసినవాళ్ళకు సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెట్టేవాడు. ఏ కాగితం ఏ బీరువాలో ఉంటుందో, ఎలా అడిగితే బయటికొస్తుందో, ఎలా అడిగితే రాదో ఆయనకు తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంటిదొంగే మన పక్షాన కూర్చుంటే ఇంకేం కావాలి! నాయుడు రాసిన దరఖాస్తు వట్టిచేతులతో తిరిగిరాదని పేరొచ్చింది. ఆ పేరు ఆయనకు ప్రసాదం కన్నా తియ్యగా ఉండేది.

మాఘమాసంలో సూరీడమ్మ వచ్చింది. ఆమె భర్త ఎర్రయ్య ఇళ్ళకు రంగులు వేసేవాడు. ఒక మేడ మీద పని చేస్తూ మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. తాగి పడ్డాడని ఇంటాయన చెప్పాడు. ఊరంతా అదే మాట పట్టుకుంది.

“తాగనేదు బాబూ,” అంది సూరీడమ్మ. “ఆవేళ శనివారం. శనివారం ఆయన ఒక్కపొద్దు. పిట్టగోడ ఊడిపోయింది, దాంతోపాటు ఆయనా పడ్డాడు. ఆ మేడ బాగుందని ఆఫీసోళ్ళు సూసి రాసిచ్చారంట. ఏటి సూసారో, ఎవులు సూసారో, ఆ కాగితం కావాల.”

“కేసు వేస్తావా?”

“కేసు తరవాత మాట. మా అత్త మంచం పట్టింది. నా కొడుకు తాగి సచ్చాడా అని రోజూ అడుగుతాది. నేను సెప్తే నమ్మదు. పిట్టగోడ సంగతి కాగితంలో సదివి ఇనిపిస్తే నమ్ముతాది. ఆవిడ పోయేలోగా ఇనిపించాల.”

“ఏ మేడ?”

“సేపల బజారెనకాల, పచ్చ గేటు మేడ.”

నాయుడి కలం ఆగింది. ఏడేళ్ళ కిందట, నడి వైశాఖంలో, ఆయన ఆ గేటు లోపల నీడన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పులు. ఇంటివాళ్ళు అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ తెచ్చి ఇచ్చారు. తాగాడు. మెట్లెక్కలేదు. మూడంతస్తులూ తనిఖీ చేశానని కూర్చున్నచోటే రాసి సంతకం పెట్టాడు. అందరూ చేసేదే కదా అని అప్పుడు అనుకున్నాడు.

ఆయన సూరీడమ్మకు దరఖాస్తు రాశాడు. ఎప్పటిలాగే అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కాని అందులో ఇంటి నంబరు లేదు, ఫైలు నంబరు లేదు, సంవత్సరం లేదు. చేపల బజారు ప్రాంతంలోని భవనాల తనిఖీ వివరాలన్నీ ఇప్పించవలసినదని మాత్రం ఉంది. సూరీడమ్మకు చదువు రాదు. వేలిముద్ర వేసి, దండం పెట్టి వెళ్ళింది.

నెల తిరిగాక జవాబు కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చింది. నాయుడు అరుగు మీదే పైకి చదివాడు.

“అడిగిన సమాచారం స్పష్టంగా లేనందున దరఖాస్తు వాపసు చేయడమైనది.”

“అంటే ఏటి బాబూ?”

“కాగితం దొరకలేదట.”

సూరీడమ్మ కొంతసేపు ఆయన ముఖంలోకి చూసింది. “మీరు రాసినా దొరకనేదంటే ఇంక ఆ కాగితం నేదనుకోవాల,” అంది. కోపం లేదు, అనుమానం లేదు. కొంగు సర్దుకుని ఎండలోకి నడిచింది. ఆమె కోప్పడి ఉంటే నాయుడికి ఆ రాత్రి నిద్ర పట్టేదేమో.

పది రోజులు ఓర్చుకుని చివరికి గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

“ధ్యానం కుదరడం లేదు స్వామీ.”

గురువుగారు ఆకు మీద ఆకు పెట్టి పుల్ల గుచ్చారు. “అందరికీ రాసిపెడతావు కదా నాయుడూ. నీకేం కావాలో నాకొక దరఖాస్తు రాయి.”

నాయుడు నవ్వాడు. కాని గురువుగారు నవ్వలేదు. సరేనని కాగితం తీసి, ‘మనశ్శాంతి ఇప్పించవలసినదిగా ప్రార్థన’ అని రాసి ఇచ్చాడు.

గురువుగారు చదివి, నాయుడి కలమే అడిగి తీసుకుని, అడుగున ఒక వాక్యం రాసి తిరిగి ఇచ్చారు.

‘అడిగినది స్పష్టంగా లేనందున వాపసు.’

నాయుడి చెవులు వేడెక్కాయి. ఆ జవాబు తాను చదివిన రోజు గురువుగారు ఇదే అరుగు మీద ఆకులు కుడుతున్నారు.

ఇంకో కాగితం తీశాడు. తెలిసీ తెలియక చేసిన తప్పులన్నీ క్షమించమని రాశాడు. అదీ తిరిగి వచ్చింది.

“ఏ తప్పు? ఎక్కడ? ఏ రోజు?” అన్నారు గురువుగారు. “నీకు తెలియని పద్ధతా?”

మూడో కాగితానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఇంటి నంబరు రాశాడు. ఫైలు నంబరు రాశాడు. అది మరిచిపోదామన్నా మరపు రాలేదు. తేదీ రాశాడు. ‘నేను మెట్లెక్కలేదు. పిట్టగోడ చూడలేదు. చూశానని రాశాను. ఈ సంగతి బయటికి రాకూడదని సూరీడమ్మ దరఖాస్తును నేనే చెడగొట్టాను.’ కింద సంతకం చేశాడు.

గురువుగారు రెండుసార్లు చదివారు. చేతిలో ఆకు పక్కన పెట్టారు.

“ఇప్పుడు స్పష్టంగా ఉంది.”

“మరి జవాబు, స్వామీ?”

గురువుగారు ఆ కాగితాన్ని మడిచి ఆయన చేతిలో పెట్టారు. “ఇది చేరవలసిన చోటు నేను కాదు.”

సూరీడమ్మ ఉండేది ఒక పాత మేడ పైన, రేకుల గదిలో. మర్నాడు నాయుడు మెట్టు మెట్టుకూ గోడ పట్టుకుని ఎక్కాడు. పైకి చేరేసరికి మోకాళ్ళు మండిపోతున్నాయి.

“మీరెందుకు ఎక్కారు బాబూ, కబురెడితే నేనొచ్చేదాన్ని కదా,” అంటూ ఆమె చాప వేసింది. “ఎండన పడొచ్చారు,” అని గ్లాసుతో మజ్జిగ తెచ్చి ముందు పెట్టింది. నాయుడు ఆ గ్లాసు ముట్టుకోలేకపోయాడు.

కాగితం విప్పి చదివాడు. ఎక్కడా ఆగలేదు, ఒక్క మాటా మింగలేదు. “రేపు దీన్ని ఆఫీసులోనూ పోలీసు స్టేషన్లోనూ ఇస్తానమ్మా,” అన్నాడు చివర.

సూరీడమ్మ గది మూలకు చూసింది.

“మా అత్త పోయి నేటికి ఆరు రోజులు,” అంది. “ఆఖరి పూట కూడా కాగితం వచ్చిందా అని అడిగింది.”

నాయుడు తలెత్తలేకపోయాడు. ఆరు రోజులు. తాను ఓర్చుకున్నవి పది.

గది మూల నులకమంచం ఉంది. పక్క తీసేశారు. నులక మధ్యలో కిందికి దిగి ఉంది.

“మళ్ళీ సదవండి బాబూ,” అంది సూరీడమ్మ. “అటు తిరిగి సదవండి.”

నాయుడు ఖాళీ మంచం వైపు తిరిగి కూర్చున్నాడు. తేదీ దగ్గర మొదలుపెట్టాడు.