ఇట్ల చూడక్కా

మద్దిలేటి సారు పాఠం చెప్పేటప్పుడు మా ఎదురుగా కూర్చోరు. నంద్యాలలో ఆయన ఇంటి వరండాలో మమ్మల్ని నల్లమల వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టి, తను మా వెనక గోడవారగా స్టూలు వేసుకుంటారు. ఉపనిషత్తులో ఒక మంత్రం చదువుతారు, నాలుగు మాటలు చెబుతారు, ఊరుకుంటారు. పదేళ్లుగా వింటున్నవాళ్లం కాబట్టి మాకు అలవాటైపోయింది. కొత్తగా చేరిన శశిరేఖకు మాత్రం అది మింగుడుపడలేదు. ఆమె కర్నూలులో బ్యాంకు ఆఫీసరు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, అంత దూరం నుంచి వస్తుంది. మూడో వారం ఇక ఉండబట్టలేక వెనక్కి తిరిగి అడిగేసింది.

"గురువంటే ఎదురుగా ఉండాలి కదా సార్. మీ ముఖం చూస్తూ వింటేనే నాకు మనసుకెక్కుతుంది. మీరెందుకు మా వెనక దాక్కుంటారు?"

పదేళ్లలో ఆ ప్రశ్న అడిగే ధైర్యం మాలో ఒక్కరికీ లేకపోయింది గానీ, అడిగినామెను చూసి నొసలు చిట్లించడానికి మాత్రం అందరం ముందున్నాం. సారు కోపగించుకోలేదు. పుస్తకం మూసి, వాళ్లక్క సంగతి ఎత్తుకున్నారు.

అప్పట్లో ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. అక్క సుంకులమ్మ ఆయనకంటే పన్నెండేళ్లు పెద్దది. తల్లి పోతే ఆయన్ను పెంచింది ఆమే. యాభై దాటాక ఆమెకు నీటికాసుల జబ్బు వచ్చి చూపు నాలుగు పక్కల నుంచీ మూసుకుపోతూ వచ్చింది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్న కాస్తే కనబడేది. ఆ కాస్తా ఏడాదికి మించి నిలవదని డాక్టరు చెప్పేశాడు. ఏం చూడాలనుందక్కా అని తమ్ముడు అడిగితే ఆమె కాశీ అనలేదు, తిరుపతి అనలేదు. బట్టమేక పిట్టను చూడాలంది. చిన్నప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని కూలికి పోతే, కొర్ర చేలల్లో మెడ నిక్కించి నడిచే ఆ నడుమెత్తు పిట్ట ఆమెకు రోజూ కనబడేదట. అప్పటికే మన పక్క అవి కరువైపోయాయి. రాజస్థాన్ ఎడారిలోని జాతీయ వనంలో ఇంకా కొన్ని మిగిలాయని సారే బడిలో పాఠం చెప్పేవారు. దసరా సెలవులకు అక్కను అక్కడికి తీసుకెళ్లారు.

వెళ్లడంలో తప్పు లేదు. వెళ్లిన పద్ధతిలో ఉంది. బడి టైంటేబుల్ వేసినట్టు ఆయన కాగితం మీద పదకొండు వ్యూపాయింట్లు రాసుకున్నారు, ఒక్కోదానికి పావుగంట. జైసల్మేర్‌లో భన్వర్ అనే డ్రైవరును జీపుతో సహా మాట్లాడుకున్నారు. ఇసుక తిన్నెలు, రాతిగుట్ట, గడ్డిమైదానం, ఎక్కడ ఆగినా ముందు తను దిగి, అక్కను చెయ్యి పట్టి దించి, చూడవలసినదానికి వీపు పెట్టి నిలబెట్టేవారు. ఊళ్లో అందరికీ చూపించాలి కదా, మరి ఫోటోలో ముఖం పడాలి. కొంగు సర్దుకోమనేవారు. "ఇట్ల చూడక్కా" అనేవారు. ఫోటో అయ్యాక ఆమె మెల్లగా వెనక్కి తిరిగి, ఉన్న కాస్త చూపునూ ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ వెతకడం మొదలుపెట్టేసరికి పావుగంట దాటిపోయేది. మళ్లీ జీపెక్కేవారు.

తొమ్మిదోచోట, కంచె పక్కన, ఆమె మొరాయించింది.

"నేనింక యాడికీ రానురా మద్దిలేటీ. ఈడ్నే కూసుంటా. మనం ఎగబడితే అది రాదు, కదలకుండా ఉంటే అదే వస్తాది."

ఇంకా రెండున్నాయి, పొద్దు గూకుతాదని తమ్ముడు ఆమెను బతిమాలి లేపి నిలబెట్టాడు. భన్వర్ జీపు దిగి వచ్చి, నోటి మీద వేలుంచుకుని, రెండో చేత్తో గడ్డిలోకి చూపిస్తున్నాడు. ఫోటోకు అడ్డం తప్పుకోమని సారు అతణ్ణి కసిరారు. ఇట్ల చూడక్కా అన్నారు. ఆమె చూసింది. తమ్ముడి కోసం నవ్వింది కూడా. భన్వర్ తల కొట్టుకుని వెళ్లి జీపులో కూర్చున్నాడు. అతనెందుకు తల కొట్టుకున్నాడో కనుక్కునే ఓపిక తనకు లేకపోయిందని సారు చెప్పారు. మిగతా రెండూ చూసుకుని, పిట్ట కనబడకుండానే తిరిగొచ్చారు.

కెమెరా రీల్లో ఇంకా నాలుగు ఫోటోలు మిగిలాయి. అవి వృథా ఎందుకని, చిన్న మేనకోడలి ఇంట్లో బారసాల దాకా ఆగి, అవీ తీశాక ఫోటోలు కడిగించారు. అప్పటికి ఆరు నెలలు. సుంకులమ్మకు చీకటీ వెలుతురూ తేడా మాత్రమే తెలుస్తోంది. తొమ్మిదోచోట తీసిన ఫోటోలో ఆమె భుజం వెనక, కంచెకు కాస్త అవతల, మెడ నిక్కించి బట్టమేక నిలబడి ఉంది.

అక్క ఆ ఫోటోను ఒళ్లో పెట్టుకుని తడుముతూ ఇందులో ఏముందని అడిగింది. నువ్వేనక్కా, బాగా పడినావు అన్నాడు తమ్ముడు. మంచిదే, పిట్ట మాత్రం మన కంట పడలేదు గదా అంది. లేదక్కా అన్నాడు. ఆ తర్వాత ఆమె తొమ్మిదేళ్లు బతికింది. రోజుకోసారైనా నిజం చెప్పేద్దామని పక్కన కూర్చునేవాడినని, నోరు పెగిలేది కాదని సారు చెప్పారు. ఆ ఏడుపు తనతోనే పోవాలని, ఇంకొకరికి రాకూడదని అన్నారు.

శశిరేఖ ఇంకా వెనక్కి తిరిగే ఉంది, ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆమె కళ్లు నిండి ఉన్నాయి. సారు పుస్తకం తెరిచి, ఆగిన మంత్రం దగ్గర వేలుపెట్టుకున్నారు.

"నన్ను చూసింది చాలు తల్లీ," అన్నారు, నల్లమల వైపు చెయ్యి చూపిస్తూ. "అట్ల చూడు."