ఒక మనిషి, రెండు వాకిళ్ళు

"ఏమర్రా, ఒక ఇల్లుందనుకోండి. దానికి రెండు వాకిళ్ళు. ఒకటి ఈ వీధిలోకి, ఇంకోటి వెనక వీధిలోకి. ఇంట్లో మనిషి మాత్రం ఒక్కడే. రెండు వాకిళ్ళ దగ్గరా ఒకేసారి ఎవరో వచ్చి పిలిచారు. ఏం చెయ్యాలి వాడు?"

"అటూ ఇటూ పరుగెత్తాలి," అన్నాడు పెద్దవాడు.

"నిద్రపోతున్నట్టు నటించాలి," అంది చిన్నది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అని నవ్వింది అమ్మమ్మ. "అన్నయ్య చెప్పినట్టే చేసింది, ప్రసూన అని ఒకమ్మాయి. వినండి మరి."

ప్రసూన కంప్యూటర్ల కడుపులో ఉండే ప్రోగ్రాం రాసేది. దాన్ని కెర్నెల్ అంటారు. పెళ్ళిలో ఎవరు వంటశాల చూడాలో, ఎవరు వడ్డనకు దిగాలో, ఏ బంతి ముందు లేవాలో చూసే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు చూశారూ, అలాంటిది. అందరి వంతులూ అదే చూస్తుంది. అది మాత్రం ఎవరికీ కనపడదు.

ఆమె కంపెనీవాళ్ళు కొండ మీది ఆరోగ్య కేంద్రానికి, డాక్టరు మాట నర్సుకి చేర్చే పెట్టె ఒకటి చేసి పంపారు. పెట్టెలో రేడియో ఒక్కటే. కెర్నెల్ దాన్నే రెండుగా చూపిస్తుంది. ఒక వాకిలి నర్సు ఫోను వైపు, ఇంకో వాకిలి ఎదుటి కొండ మీది టవరు వైపు. ఆ వాకిళ్ళ ముందరి వీధుల్ని ఛానెళ్ళంటారు. రేడియో ఒకసారికి ఒక ఛానెల్లోనే ఉండగలదు. అందుకని ప్రసూన దాన్ని రెప్పపాటులో ఇటు, రెప్పపాటులో అటు తిరిగేలా రాసింది. ఆ వేగం చూసి ఆఫీసులో చప్పట్లు కొట్టారు.

కొండ మీద నుంచి మాత్రం నర్సు ఎస్తేరు ఫోన్ చేసింది.

"అమ్మా, మీ పెట్టె మంచిదే. దిగువనున్న డాక్టరుగారి మాట గలగలా వినిపిస్తంది. మధ్యలో ఒక్కో మాట ఎగిరిపోతంది, అంతే. నిన్న పసిబిడ్డకి మందు చెప్పారు. ఎన్ని చుక్కలో, ఆ అంకె ఒక్కటీ వినపళ్ళేదు. మళ్ళీ అడిగి వేశాననుకోండి. అడక్కపోతేనో? ఇంకోసారి ఇలాగైతే పెట్టె విప్పి పంపించేయమన్నారు మా పెద్దసారు. అప్పుడిక మాకు పాత నడకే, బిడ్డల్ని ఎత్తుకుని దిగువకి."

ప్రసూన ప్రోగ్రాంని ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి చదివింది. తప్పు కనపడలేదు. ఇక లాభం లేదని బస్సెక్కి పార్వతీపురంలో తవిటయ్య మాస్టారింటికి వచ్చింది. పాలిటెక్నిక్‌లో ఆమెకు రేడియో పాఠం చెప్పింది ఆయనే. రిటైరయ్యాక కూడా వసారా గోడకి నల్లబల్ల ఉంచుకున్నారు.

"రామ్మా, రా! ఏంటి, శుభలేఖ తెచ్చావా?"

"కాదండీ మాస్టారూ, తగువు తెచ్చాను. మీరు తీర్పు చెప్పాలి."

"ఎవరితో తగువు?"

"కొండ మీది నర్సమ్మతో. నా రాతలో తప్పు లేదండీ. ఆవిడ ఫోనే పాతది, నాకు తెలుసు."

జరిగింది చెప్పింది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు.

"రేడియో ఫోను వైపు తిరిగినప్పుడు, టవరు దగ్గర ఎంతసేపు లేనట్టు?"

"రెప్పపాటండీ. అంతలో ఏం కొంప మునుగుతుంది?"

"అదీ నిజమే. బల్ల మీద బొమ్మ వేసి మొదట్నించీ చెప్పమ్మా," అన్నారు మాస్టారు.

ప్రసూన సుద్దముక్క అందుకుని బల్ల వైపు తిరిగింది. చదరంగా ఒక పెట్టె గీసింది. ఇటో వాకిలి, అటో వాకిలి, మధ్య బాణాలు. చెప్తున్నకొద్దీ గొంతు లేచింది. ఫోను వైపు నుంచి టవరు వైపుకి రేడియో ఎలా దూకుతుందో, ఆ దూకుడుని తాను ఎంత చిన్నది చేసిందో చెప్పింది. చెప్పి చెప్పి, ఎందుకో సుద్దముక్క నెమ్మదించింది. ఎదురుగా మొహం లేదు, నల్లబల్లే ఉంది. మొహం చూస్తూ అనలేని మాట అప్పుడు బయటికొచ్చింది.

"అసలు సంగతి చెప్పమంటారా మాస్టారూ? నాకు భయంగా ఉందండీ. ఆ పసిబిడ్డకి సిస్టర్ గనక మళ్ళీ అడక్కుండా మందు వేసేసుంటే? అన్నం సయించట్లేదు. ఫోనుది తప్పు, ఫోనుది తప్పు అని అందరికీ చెప్తున్నాను గానీ, నాది కాదని నాకే నమ్మకం లేదు."

జవాబు రాలేదు.

వెనక్కి తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది.

పెరట్లోంచి మాస్టారి నవ్వు వినిపించింది. గోడవతల పక్కింటాయనతో మునగచెట్టు కబుర్లు. "గొంగళి పట్టిందా? అయితే వేపనూనె కొట్టవయ్యా!"

ప్రసూన సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఏడుపు ఒకటే తక్కువ.

మాస్టారు తాపీగా వచ్చి కూర్చున్నారు.

"ఆఁ, చెప్పు."

"చెప్పేశానండీ. మీరు లేరు."

"పెరట్లోకి వెళ్ళాను. ఎంతసేపనీ, రెండు నిమిషాలు. అంతలో ఏం కొంప మునిగింది?"

"నేను చెప్పిందంతా గోడకి చెప్పినట్టయింది కదండీ! వెళ్ళేవారు ఒక్క మాట చెప్పి వెళ్ళకూడదా? నేను ఆగేదాన్ని కదా!"

మాస్టారు బల్ల మీది బొమ్మకేసి చూశారు.

ప్రసూన తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవిలో ఇంకోసారి పడినట్టు, మెల్లగా బల్ల వైపు తిరిగింది. బొమ్మలో వాకిళ్ళున్నాయి. దూకే బాణాలున్నాయి. వెళ్తున్నానని చెప్పే బాణం మాత్రం లేదు.

"నొచ్చుకున్నావా తల్లీ?"

"కొంచెమండీ."

"నాకూ బాగాలేదమ్మా, నిన్నలా వదిలి వెళ్ళడం. రా, ఇలా కూర్చో. అప్పుడేమన్నావో ఇప్పుడు చెప్పు."

ప్రసూన మెట్టు మీద కూర్చుంది. ఇందాక తనంతట తానే జారిన మాట ఇప్పుడు కదలనంది. మాస్టారు తొందరపెట్టలేదు.

"నాకు... భయంగా ఉందండీ మాస్టారూ. ఆ పసిబిడ్డకి సిస్టర్ గనక..."

"మాస్టారో!" పెరటి గోడ మీంచి కేక.

మాస్టారు వెంటనే లేవలేదు. ముందు ప్రసూన కళ్ళలోకి చూశారు. అరచెయ్యి చూపించారు.

"ఆ మాట అక్కడే నీ దగ్గర ఉంచుకో తల్లీ. వెళ్ళొస్తాను."

ప్రసూన ఆగింది. మిగిలిన మాట గొంతులోనే ఉంది. ఉంచుకోవడం ఏమంత కష్టమనిపించలేదు. పెరట్లో ఇద్దరూ వేపనూనెలో నీళ్ళెన్ని కలపాలో తేల్చుకుంటున్నారు. గొంతులో మాట అలాగే ఉంది. ఒక్క అక్షరం పోలేదు.

మాస్టారు తిరిగొచ్చి కూర్చున్నారు.

"వచ్చేశాను. సిస్టర్ గనక?"

"సిస్టర్ గనక మళ్ళీ అడక్కుండా మందు వేసేసుంటే ఆ బిడ్డ ఏమయ్యేది మాస్టారూ?" అంది ప్రసూన. ఈసారి కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

మాస్టారు చివరిదాకా విన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఆమె తల మీద చెయ్యి వేసి ఉంచారు.

మొహం కడుక్కొచ్చి ప్రసూన లాప్‌టాప్ తెరిచింది. కొంత రాసింది. ఆగి తలెత్తింది.

"రేడియో చెప్పి వెళ్తే టవరు ఆగుతుందంటారా మాస్టారూ? పంపాల్సిన మాటలు తన దగ్గరే ఉంచుకుంటుందా, రేడియో తిరిగొచ్చేదాకా?"

"నువ్వు ఉంచుకోలేదూ?" అన్నారు మాస్టారు.

ప్రసూన తల వంచుకుని, ఫోను వైపు తిరిగే ముందు రేడియో టవరుకి 'కాస్త నిద్రపోతున్నాను, మాటలు ఉంచు' అని చెప్పేలా రాసింది.

పెట్టె ఇంకా ఆ కొండ మీదే ఉంది.

"మరి ఆ గొంగళి చచ్చిందా అమ్మమ్మా?" అంది చిన్నది.

"అదా నీకు కావలసింది!" అంటూ అమ్మమ్మ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. "మేడ మీద వడియాల పిండి సగం మిగిలిపోయింది. ఎండ దిగిపోతోంది," అని చెంగు దోపుకుని మెట్లెక్కింది.