చంద్రవ్వ గుడిసెలో మూడో మనిషి

శరభయ్య స్వామి ఏ ప్రశ్నకూ వెంటనే బదులు చెప్పేవారు కారు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు.

ఒక ఎండాకాలం వీరేశం అనే శిష్యుడు ఆయన్ని అడిగాడు: "స్వామీ, ఇన్నేళ్లుగా జపం చేస్తున్నాను. దేవుడు దగ్గర ఉన్నాడని ఒక్కనాడూ అనిపించలేదు. ఎక్కడ కూర్చుంటే అనిపిస్తుంది?"

స్వామి మఠం వంటింట్లోకి వెళ్లి కంచు గిన్నె నిండా అంబలి పోసి తెచ్చారు. "చంద్రవ్వ జ్వరంతో పడి ఉందట. తాగించి రా."

వీరేశం ముఖం పాలిపోయింది. చంద్రవ్వ బాణామతి చేస్తుందని ఊరు ఆమెను వెలివేసింది. ఆమె పేరు వినబడితే చాలు, తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. ఊరికి దూరంగా, రాళ్లు తవ్వి వదిలేసిన గుంత అంచున ఆమె గుడిసె. గురువు మాట కాదనలేక అతడు బయలుదేరాడు.

మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు, పిట్ట అరవడం లేదు. గుడిసె నేలంతా బండలు పరిచి ఉంది. చంద్రవ్వ ఒక మూల ముడుచుకుని పడి ఉంది. పెదవులు పగిలి నెత్తురు గడ్డకట్టింది. ఆమెను చూడగానే వీరేశానికి కాసేపు భయం గుర్తుకు రాలేదు. మెడ కింద చేయి వేసి లేపి, గిన్నె నోటికి ఆనించాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది.

రెండు గుక్కలు మింగి, ఆమె అతని భుజం మీదుగా చూసింది.

"బిడ్డా, నీ ఎన్క నిలవడ్డది ఎవరు?"

"ఎవ్వరు లేరవ్వా. నేనొక్కణ్ణే వచ్చిన."

"ఉన్నడు. నువ్వు నన్ను లేపంగనే వచ్చిండు. కూసోమను."

వీరేశం వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. కాని అంత ఎండలోనూ అతని మెడకు చల్లని ఊపిరి తగిలింది. ఊళ్లో విన్న మాటలన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. ఆమెనూ గిన్నెనూ అలాగే వదిలి బయటికి ఉరికాడు. మఠం గడప దాటేదాకా ఆగలేదు.

"ఆ గుడిసెలో ఏదో ఉంది స్వామీ!" అన్నాడు రొప్పుతూ. జరిగిందంతా చెప్పాడు. ఆమెనూ గిన్నెనూ వదిలేసి వచ్చానని కూడా దాచలేదు.

స్వామి ఒక్కటే అడిగారు. "గిన్నె వదిలేశానన్నావు. పడిందా?"

వీరేశం గుర్తు చేసుకున్నాడు. కింద బండలు. కంచు గిన్నె. ఖంగున మోగాలి. అతని ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"చప్పుడు కాలేదు స్వామీ" అన్నాడు మెల్లగా. "ఆమె తల బండకు తగిలిన చప్పుడు కూడా కాలేదు."

స్వామి అతని భుజం పట్టుకుని వాకిలి వైపు తిప్పారు.

"మరి పరుగెత్తు. ఆయనొక్కడే రెండూ ఎంతసేపని పట్టుకుంటాడు?"